బేరమాడి తెచ్చుకున్న ఎదురుగాలి

మా నాన్నకు వెంకటాచలంలో హైవే పక్కన పచారీ కొట్టు ఉంది. అక్కడ నేను తూకం కన్నా ముందు నేర్చుకున్నది ముఖాలు చదవడం. మనం అడిగిన ధరకు అమ్మేవాడు నవ్వుతూ వెంటనే ఇచ్చేశాడంటే, సరుకులో మనకు తెలియని లోపం ఉన్నట్టే. ఇది ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు తెలుసు. తెలిసి కూడా నా మొదటి క్రికెట్ లీగ్ సీజన్ చివరి మ్యాచ్‌లో బోల్తా పడ్డాను.

అంతకుముందు నేను టెన్నిస్ బంతి వీరుణ్ణి. నేను వేస్తే బంతి కంటికి కనపడదని మా వైపు చెప్పుకునేవాళ్ళు. ఆ మాట మొదట పుట్టించింది నేనే. అది తిరిగి తిరిగి కృష్ణపట్నం పోర్టులో పనిచేసేవాళ్ళ జట్టు దాకా చేరింది. జిల్లా లీగ్‌లో ఆడటానికి వాళ్ళు నన్ను పిలిచారు. తోలు బంతి చేతికొచ్చాక తెలిసింది, నా బంతి అందరికీ చక్కగా కనపడుతుందని.

అది చూశాక జట్టులో నన్ను ఎవరూ కోరుకోలేదు. కెప్టెన్ పోర్టులో క్రేన్ నడిపేవాడు. వేరే రేవుకు పోవలసిన పెట్టె పొరపాటున ఇక్కడ దిగినట్టు చూసేవాడు నన్ను. ఇక సీనియర్ బౌలర్‌ది జువ్వలదిన్నె, సముద్రంలో చేపల వేటకు పోయే కుటుంబం. కొత్త బంతి ఏళ్ళ తరబడి ఆయన చేతిలోనే ఉంది. దాన్ని లాక్కోవడానికే నేను వచ్చానని ఆయన అనుమానం. అనుమానం నిజమే.

మొదటి మ్యాచ్‌లో వరసగా వైడ్లు వేశాను. బయటివాళ్ళ కన్నా ముందు మావాళ్ళే ఎగతాళి మొదలుపెట్టారు.

"కొట్టు అబ్బయ గదా, కొసరు ఎక్కువ ఇస్తుండాడు!" అన్నాడు సీనియర్, మిడాఫ్‌లో నిలబడి గట్టిగా.

ఆ రోజు నుంచి నా పేరు కొసరు. భోజనాల దగ్గర నేను కూర్చుంటే పక్కవాడు ఆకు ఎత్తుకుని జరిగేవాడు. పట్టగలిగిన క్యాచ్‌లు నా బౌలింగ్‌లో మాత్రం వేళ్ళ సందుల్లోంచి జారిపోయేవి. నేనూ తక్కువ తినలేదు. సీనియర్ నోబాల్ వేసిన ప్రతిసారీ అంపైర్ కన్నా ముందు నేనే చెయ్యి చాపేవాణ్ణి.

చివరి మ్యాచ్‌కు ముందు కెప్టెన్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఇయ్యాళ వాళ్ళ ఓపెనర్ని నువ్వు తియ్యాల. తియ్యకపోతే వచ్చే సీజన్ నీకు కొట్లోనే."

ఆ ఓపెనర్ అప్పటికే మా జట్టును ఒకసారి ఉతికి ఆరేశాడు. కొట్లో కూర్చోవడం నాకు కొత్త కాదు. కానీ తిరిగొచ్చిన సరుకులా కూర్చోవడం వేరు.

అంతవరకు మ్యాచ్‌లన్నీ నెల్లూరులో, చుట్టూ గోడలున్న గ్రౌండ్లలో జరిగాయి. ఇది మాత్రం సముద్రం ఒడ్డున, మేము ప్రాక్టీసు చేసే గ్రౌండ్‌లో. ఒక ఎండ్‌లో సరుగుడు తోపు, దాని వెనక సముద్రం. రెండో ఎండ్ వెనక దూరంగా కరెంటు ప్లాంటు చిమ్నీలు. తెల్లవారి వచ్చినప్పుడల్లా పొగ సముద్రం వైపు వాలి ఉండటం చూసేవాణ్ణి. చిమ్నీల వైపు నుంచి పరిగెత్తితే గాలి వీపు మీద చెయ్యి వేసి తోసినట్టే ఉండేది.

కెప్టెన్‌తో బేరం పెట్టాను. ఆ రోజుకు నాకు ఎండ్ ఒక్కటే కావాలి, అయినా తగ్గించుకోవడానికి వీలుగా కొత్త బంతి కూడా అడిగాను.

"కొత్త బంతి నాకియ్యి అన్నా. చిమ్నీల ఎండ్ కూడా."

"తీసుకో."

అడగ్గానే రెండూ వచ్చేశాయి. అక్కడే ఆగాల్సింది. మా నాన్న అయితే సరుకు కింద పెట్టేసి ఇంటికి పోయేవాడు. నేను బేరాన్ని ఇంకా గట్టి చేసుకున్నాను.

"ఆట అయ్యేదాకా నాదే. మధ్యలో మార్చకూడదు. సీనియర్ అన్న ముందరే మాటియ్యి."

పక్కనే ఉన్న సీనియర్ నవ్వాడు. "ఇచ్చేయ్‌రా, పాపం. మాటంటే మాటే. నేను తోపు వైపు నుంచి వేసుకుంటాలే."

ఓడిపోయినవాడి నవ్వు అనుకున్నాను.

మొదటి ఓవర్లు నేను పుట్టి బుద్ధెరిగాక వేయనంత వేగంగా వేశాను. ఓపెనర్ రెండుసార్లు బ్యాటు అడ్డం పెట్టి ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత ఎండెక్కింది. పొగ కాసేపు నిట్టనిలువుగా నిలబడింది. ఆపైన మెల్లగా తల తిప్పి, సముద్రాన్ని వదిలి ఊరి వైపు వాలింది.

ఆ తీరంలో గాలి పొద్దున నేలది, పొద్దెక్కాక సముద్రానిది. ఒడ్డున పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నేను మాత్రం ప్రాక్టీసు ముగించుకుని ఆ వేళకు ఎప్పుడూ కొట్లో పప్పు పొట్లాలు కడుతూ ఉండేవాణ్ణి. గాలి తిరగడం నేనెన్నడూ చూడలేదు.

ఇప్పుడు పరిగెత్తుతుంటే సముద్రం ఎదురొచ్చి ఛాతీ మీద తోస్తోంది, కళ్ళలో ఇసుక. ఓపెనర్‌కు గాలి తోడయింది. బ్యాటు తాకిస్తే చాలు, బంతి నా నెత్తి మీదుగా చిమ్నీల వైపు ఎగిరిపోతోంది. అటు సీనియర్ అదే గాలిని వీపున కట్టుకుని నిప్పులు కురిపిస్తున్నాడు.

కెప్టెన్ దగ్గరకు పోయాను. "అన్నా, ఎండ్ మార్చు."

"మధ్యలో మార్చకూడదంటివే?"

"అది పొద్దున గాలికి."

"గాలి పేరు చెప్పినావా నువ్వు? ఆట అయ్యేదాకా అంటివి. వెయ్‌రా కొసరూ."

వెనక్కి నడుస్తూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. అంతలో ఓపెనర్ బ్యాటు నేలకేసి కొట్టడం వినిపించింది, తొందరగా వెయ్యమన్నట్టు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. బస్సు హారన్ కొడుతుంటే కొట్టు బల్ల మీద రూపాయి బిళ్ళతో కొట్టే గిరాకీ చప్పుడు అది. అలాంటి వాడొస్తే మా నాన్న చెయ్యి నెమ్మదిస్తుంది. తొందరలో ఉన్నవాడు ఇచ్చింది తీసుకుంటాడు.

అంతే వేగంగా పరిగెత్తి, బంతిని మాత్రం వేళ్ళ చివర్ల నుంచి మెల్లగా వదిలాను. గాలి దాన్ని పట్టుకుని మధ్యలో నిలబెట్టింది. ఓపెనర్ ముందే బ్యాటు ఊపేశాడు. బంతి అంచుకు తగిలి నిలువునా లేచింది, గాలికి వెనక్కి తేలుతూ మిడాఫ్ మీదకు వచ్చింది. అక్కడున్నది సీనియర్. వదిలేస్తాడనే అనుకున్నాను. పట్టాడు.

బంతి నా వైపు విసిరాడు, కొంచెం గట్టిగానే. "గాలి తీసింది. నువ్వు కాదు."

మ్యాచ్ ఓడిపోయాం. ఎవరూ నా భుజం తట్టలేదు. కిట్లు సర్దుతుంటే కెప్టెన్ వచ్చి నిలబడ్డాడు.

"వచ్చే సీజన్ కూడా రా. కానీ ఎదురుగాలి నీదే. ఆ ఎండ్‌లో వేసేవాడు లేడు మాకు."

"సరే అన్నా."

కెప్టెన్ కదల్లేదు. నా ముఖంలోకి చూశాడు, ఎప్పుడూ చూడనంత సేపు.

"ఏంది, అప్పుడే ఒప్పుకున్నావు? బేరమాడవా?"

"లేదన్నా."

ఆయన మెల్లగా వెనక్కి తిరిగి చిమ్నీల పొగ ఎటు పోతోందో చూసుకున్నాడు.