సరి నంబర్లు వాడి అటక మీద

నాకు నిలకడ లేదు. గింజ నాటితే మర్నాడే మట్టి తవ్వి మొలకొచ్చిందా అని చూసే రకం. అన్నం ఉడుకుతుంటే ఊరికే మూత తీసి చూస్తాను. అలాంటివాడు ఇరవై ఏళ్ళకు పండే పెట్టుబడి పెట్టాడంటే ఎవరైనా నవ్వుతారు. నేను పెట్టాను. అదీ బొమ్మల పుస్తకాల మీద.

డెబ్బైల నడిమి మాట. కోస్తా నుంచి వచ్చి కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తాగా చేరాను. పెళ్ళి కాలేదు. గౌలిపురలో ఒక పాలవాళ్ళ ఇంటి వెనక గది అద్దెకు దొరికింది. ఆ ఇంటి కొడుకుదీ మా ఫ్యాక్టరీయే, కొలిమి దగ్గర పని. నా ఈడువాడే, అప్పటికే పెళ్ళయింది. పొద్దున్నే బర్రెల పాలు పిండి, వాడికల ఇళ్ళలో పోసి, పరుగెత్తుకొచ్చి బస్సులో నా పక్కన కూలబడేవాడు. నెల తిరక్కుండానే నా భోజనం వాళ్ళింటికి మారింది. వాడు వాళ్ళమ్మను అవ్వా అని పిలిచేవాడు. మా వైపు అవ్వంటే నాయనమ్మరా అంటే, “ఏ, మా దిక్కు కన్నతల్లే అవ్వ. నువ్వు సుత అవ్వా అను, ఏంబోతది?” అన్నాడు. అన్నాను. ఆవిడకు అప్పటికే చూపు మందం. నా కంచంలో చెయ్యి పెట్టి తడిమి, అన్నం తక్కువుందని తేల్చి, మళ్ళీ వడ్డించేది.

విదేశంలో శిక్షణ పొంది వచ్చిన ఒక ఆఫీసరు ఒకరోజు క్యాంటీన్‌లో చెప్పాడు. అక్కడ పిల్లల కామిక్కుల్ని ఏళ్ళ తరబడి దాచినవాళ్ళు ఇప్పుడు వాటిని అమ్మి ఇళ్ళు కొంటున్నారట. షరతు ఒక్కటే. మొదటి నంబరు నుంచి ఒక్కటీ తప్పిపోకూడదు, మరక పడకూడదు. అందరూ నవ్వి చాయ్ తాగి పోయారు. నేను మాత్రం ఆ మధ్యాహ్నమంతా రసీదులు తప్పుల తడకగా రాశాను. సాయంత్రం బస్సులో వాడికి చెబితే వాడూ కలిశాడు.

దబీర్‌పురా స్టేషన్ దగ్గర పేపర్ల దుకాణంలో పదిహేను రోజులకొకటి ఇంగ్లీషు కామిక్కు వచ్చేది. దాని అట్ట మీద నంబరు ఉండేది. పాతవి కూడా దుకాణంవాడి దగ్గరే ఏరి, మొదటి నుంచీ పోగుచేశాం. మా ఆశ ఏమిటంటే, ఇవి పండాక అమ్మి, కంచన్‌బాగ్ అవతల అప్పుడప్పుడే పడుతున్న ప్లాట్లలో ఒకటి కొనాలి. దాంట్లో రెండు పోర్షన్లు, మధ్యగోడ ఒక్కటే. “నువ్వు దగ్గితె నాకు ఇనబడాలె,” అనేవాడు వాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! మధ్యగోడకు ఏ రంగు వెయ్యాలన్న దగ్గర కూడా మేం దెబ్బలాడుకున్నాం. అవ్వకు మాత్రం ఈ సంగతేదీ చెప్పలేదు. పైసలన్నీ కాయితాల మీద తగలేస్తున్నారని లొల్లి చేస్తుందని వాడి భయం.

పంపకం వాడే పెట్టాడు. “అన్ని నీ తాన ఉంటె నువ్వాగవు. రేపే సంచిల ఏస్కొని బజార్ల కూసుంటవు. బేసి నంబర్లు నువ్వుంచుకో, సరి నంబర్లు నేనుంచుకుంట. ఒక్కడు అమ్మబోతె ఎవడు కొంటడు?” ఈ మాటలో నన్ను తిట్టినట్టే ఉంది, పొగిడినట్టూ ఉంది. ఒప్పుకున్నాను. అప్పటి నుంచి బేసి నంబరొస్తే నేను కొనేవాడిని, సరి నంబరొస్తే వాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఒక్కసారి కలిసి చదివేవాళ్ళం. నేను తెలుగులో చెబుతుంటే వాడు బొమ్మలు చూసేవాడు. కథలో వీరుడు సముద్రపు దొంగను కొడితే, “ఇంకొకటియ్యి, ఇంకొకటియ్యి,” అని వాడే ఎగిరేవాడు.

ఆ ఏడు దసరాకు ఫ్యాక్టరీలో యంత్రాలకు బొట్లు పెట్టించి ఇంటికొచ్చాం. అవ్వ చుట్టాలింటికి పోయింది. చెమ్మ పట్టిందేమో చూద్దామని నా బేసివి కూడా వాళ్ళింటికి తెచ్చి, అన్నీ వరసగా పరిచి, కాళ్ళు కడుక్కోవడానికి బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వాడి భార్య పసుపు కుంకుమల పళ్ళెంతో కూర్చుని ఉంది. కొడవలికి, పాల క్యాన్లకు, సైకిలుకు బొట్లు అయిపోయాయి. ఇప్పుడు పుస్తకాల వంతు. ఒక్కో అట్ట మీదా చక్కగా పసుపు రాసి, నడుమ కుంకుమ చుక్క.

“సదువుల తల్లి గద అన్నా. లక్ష్మి సుత గిదే అయితదని మీ దోస్తు చెప్పె,” అంది నవ్వుతూ.

నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. మరక పడకూడదని ఆఫీసరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడే! “బుర్రుందా నీకు? మీ బర్రెలకున్న పాటి ఇంగితం లేదు,” అని అరిచాను. ఇంకా ఏమేమో అన్నాను. ఆ పిల్ల పళ్ళెం అక్కడే వదిలేసి లోపలికి పోయింది. పండగ పూట అన్నం తినలేదు.  వాడు సరి నంబర్లన్నీ ఏరి, పాత దుప్పట్లో మూటగట్టి, అటకెక్కించాడు. మర్నాటికి నా కోపం దిగిపోయింది, మామూలుగా నవ్వుతూ కూరలో ఉప్పు తక్కువైందన్నాను. నాది పాలపొంగు కోపం, నాకు గుర్తుండదు.

ఆ తర్వాతి వానాకాలంలో నా మనసు అటక చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పెంకులు కారుతున్నాయేమో! చెదలు పట్టిందేమో! చూపించరా అంటే రేపన్నాడు, ఆదివారమన్నాడు, పెండ్లాం పుట్టింటికి పోయింది, వచ్చాక దింపుదాం అన్నాడు. నేను కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరుగుతూ ఒక సాయంత్రం గట్టిగా పట్టుబట్టాను. ఎన్నడూ గొంతు ఎత్తనివాడు ఒక్కసారిగా నా మీదికొచ్చాడు.

“ఏంది నీ లొల్లి? ఎప్పుడు జూడు సూపియ్యి, సూపియ్యి! మీ ఆంధ్రోళ్ళు గింతే. మా కంచంల తింటరు, మా ఇల్లే సోదా చేస్తరు.”

గలీలో నలుగురున్నారు. వాళ్ళ ముందు అన్నాడు. ఆ ఇంట్లో తిన్న ప్రతి ముద్దా ఆ క్షణాన లెక్కకొచ్చింది.  ఆ వారంలోనే గది ఖాళీ చేసి దబీర్‌పురా స్టేషన్ దగ్గరికి మారిపోయాను. అవ్వకు చెప్పకుండానే పోయాను.

ఇక చూడండి నా అవస్థ. ఫ్యాక్టరీకి వేరే బస్సు పట్టాను. స్టోర్సు కిటికీ దగ్గరికి వాడు రావడం మానేసి ఇంకొకడిని పంపేవాడు. మాటల్లేవు. కానీ పుస్తకాలు? నా దగ్గర బేసివి ఉన్నాయి, వాడు కొనడం ఆపేస్తే అవి చిత్తు కాగితాలు. అడుగుదామంటే మొహం చెల్లదు. అందుకని సరి నంబరొచ్చే రోజు పని ఎగ్గొట్టి మరీ వచ్చి, పేపర్ల దుకాణానికి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ గోడ వెనక నిలబడేవాడిని. ఖాళీ క్యాన్లు వేలాడుతున్న సైకిలు మీద వాడు వచ్చేవాడు. పుస్తకం కొనేవాడు. చొక్కా లోపల పెట్టుకునేవాడు. కొంతసేపు ఊరికే నిలబడి బెల్లు సవరించుకుని వెళ్ళిపోయేవాడు.

హమ్మయ్య, కొన్నాడు. మూడు రోజులు శాంతి. నాలుగో రోజు నుంచి మళ్ళీ మొదలు. కొంటున్నాడంటే మధ్యగోడ ఇంకా వాడి మనసులో ఉన్నట్టేగా? ఉంటే మాట్లాడడేం? నేను ముందు పలకరించాలా? అంత మాట అన్నవాడిని నేనెందుకు పలకరించాలి? ఇలా మంచం మీద కూర్చోలేక, రైలు పట్టాల వెంట నడవలేక, ఇంటికి రాలేక కొన్నేళ్ళు గడిపాను. సంబంధాలు వచ్చాయి, చూద్దాంలే అన్నాను. దేనిమీదా మనసు నిలిస్తే కదా!

ఒక గురువారం జుమ్మేరాత్ బజారుకు పోయాను. పాత ఇనుము నుంచి పాత బూట్ల దాకా దొరుకుతుందక్కడ. పనేం లేదు, కాళ్ళు ఊరుకోక పోయానంతే. నేల మీద పరిచిన పుస్తకాల కుప్పలో ఒక అట్ట కనిపించింది. సరి నంబరు. అట్ట మీద పాలిపోయిన పసుపు, దాని నడుమ చిన్న కుంకుమ చుక్క. నమ్మలేక ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

“అరే సాబ్, కితాబ్ పడ్‌తే, సూంగ్‌తే నై!” అన్నాడు అమ్మేవాడు. పుస్తకం చదువుతారు గానీ వాసన చూస్తారా అని పక్కవాళ్ళు కూడా నవ్వారు.

కుప్పంతా తిరగేశాను. ఇంకో రెండు దొరికాయి, రెండూ సరి నంబర్లే, రెండిటికీ బొట్లు. ఓరి దుర్మార్గుడా! మొత్తం అమ్ముకుని, నా కళ్ళ ముందు కొత్తవి కొంటూ నాటకమాడుతున్నావా? మధ్యగోడ, దగ్గు, అంతా వేషమేనా? ఆ మూడూ కొని, గౌలిపుర దాకా రిక్షా కూడా ఎక్కకుండా నడిచాను. దారి పొడుగునా వాడిని తిట్టాల్సిన తిట్లు కూర్చుకుంటూనే ఉన్నాను.

తలుపు అవ్వే తీసింది. చూపు ఇంకా మందగించినట్టుంది, నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“ఎవలు? నువ్వేనా బిడ్డా! గిన్ని దినాలు యాడికి పోయినవ్? వాడేమన్న అంటె అన్నడు, నేనేమంటి నిన్ను?”

నన్ను మంచం మీద కూర్చోబెట్టి, కోడలిని కేకేసి, నీళ్ళు తనే ముంచి తెచ్చింది. పుస్తకాలు నా ఒళ్ళో ఉన్నాయి. ఆవిడకు కనబడలేదు.

“గీ బిందె జూసినవా? నువ్వు చూడకనే పోతివి. స్టీలుది. కోడలు పుట్టింటికి పోయినప్పుడు పాత బట్టలకు సామాన్లిచ్చెటోడు వచ్చె. అటక మీద పాత దుప్పటి మూట ఉండె, లోపల ఏందో బొమ్మల పుస్తకాలు. వాడు చిన్న గిన్నె ఇస్తనన్నడు. నేనూకుంటనా? కాయితాలు సుత లెక్కవెట్టు అన్న. గింత పెద్ద బిందె గుంజుకున్న!” చెంగుతో బిందెను తుడిచి, మళ్ళీ నా దిక్కు తిరిగింది. “కోడలు వచ్చి మొకం గట్ల పెట్టింది గని ఏం చెప్పదు. కొడుకును అడిగితె మాట్లాడడు. నువ్వు సదువుకున్నోనివి. గా పుస్తకాలకు ఏమన్న కిమ్మతు ఉండెనా బిడ్డా?”

సరిగ్గా అప్పుడే వాడు నెత్తి మీద గడ్డి మోపుతో వాకిట్లోకి వచ్చాడు. నన్ను చూశాడు. నా ఒళ్ళో పుస్తకాలు చూశాడు. మోపు దించలేదు. గడప లోపల వాడి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇద్దరూ నా నోటి వంకే చూస్తున్నారు. పిచ్చికుక్క ఎటు దూకుతుందా అని చూసినట్టు చూస్తున్నారు.

దారంతా కూర్చుకొచ్చిన తిట్లు నాలుక మీదే ఉన్నాయి. నా ఇల్లు, నా గోడ, నా ఇన్నేళ్ళ ఆరాటం ఆ బిందెలో నీళ్ళయి పోయాయి. తిట్టాలనే ఉంది, అబద్ధమెందుకు! అవ్వ మాత్రం తల పక్కకు వంచి, చెవి నా వైపు పెట్టి, జవాబు కోసం ఎదురుచూస్తోంది.

“కిమ్మతేముందవ్వా. చిత్తు కాయితాలు,” అన్నాను. “మంచి బేరం చేశావు.”

“నేనంటలేనా!” అని ఆవిడ పకపకా నవ్వింది. వాడు మోపు కింద పడేసి గబుక్కున అవతలికి తిరిగాడు.

తర్వాత నేను లేచి గలీలోకి వచ్చాను, వాడు వెనకాలే వచ్చాడు. అక్కడ అందుకున్నాను.

“ఒరే, నాతో ఒక్క మాట చెప్పలేకపోయావట్రా?”

“ఏమని చెప్పాలె? ఒక్క పసుపు బొట్టుకే నా పెండ్లాన్ని బర్రెతోని కలిపితివి. మా అవ్వ మూటకు మూటే ఇచ్చింది. ఆమెనేమంటుంటివో నాకెర్క లేదా? నన్నంటె పడత. గా ముసల్దాన్ని అంటె నేను నిన్ను కొడుతుంటి. గది నాతోని కాదు. అందుకే నువ్వు మల్ల మా గడప తొక్కని మాట ఒకటి ఎతికి అన్న. అన్నంక మూడు దినాలు నాకు బువ్వ దిగలే.”

“నేను అవ్వను అనేవాడినా? ఇవాళ అనలేదుగా!”

“ఇయ్యాల అనలే,” అన్నాడు. “గప్పుడైతె అంటుంటివి.”

కాదనడానికి నోరు తెరిచాను.  అంటుంటిని. కచ్చితంగా అనేవాడిని.

“సరే,” అన్నాను చివరికి. “పాతవన్నీ పోయాక ఈ కొత్తవెందుకు కొంటున్నావు? మొదలు లేని వరస ఎవడిక్కావాలి?”

వాడు నన్ను వింతగా చూశాడు.

“నేను కొననీకి రాకుంటె నువ్వు చాయ్ హోటల్ గోడ ఎనక ఎందుకొచ్చి నిలబడ్తవు? ఇంక నిన్ను యాడ సూడాలె?”

పాల క్యాన్ల సైకిళ్ళు, బర్రెలు, జనం పోతున్న నడి గలీలో నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వాడు భుజం మీది తువ్వాల తీసిచ్చాడు. అది గడ్డి వాసన, పేడ వాసన కొడుతోంది. దాంతోనే మొహం తుడుచుకున్నాను.

“ఏడ్సుడు సాలు గని,” అన్నాడు, “నడువ్. అవ్వ నీకు అన్నం పెట్టుకొని కూసున్నది.”