తొమ్మిదో నంబరు పడవ

ఆ షెడ్డుకి వచ్చేవాళ్ళెవరికీ ఆయన పేరుతో పనిపడలేదు. ఎదుట "సార్" అనేవాళ్ళు, వెనకాల "బకిళ్ళాయన" అనేవాళ్ళు. నదిలో తమంతట తామే తెడ్డు వేసుకుంటూ పన్నెండు కిలోమీటర్లు కిందికి పోదామనుకునేవాళ్ళకి కయాకులు అద్దెకివ్వడం ఆయన పని. వెంట మనిషిని పంపడు. అందుకే పంపేముందు పావుగంట నిలబెట్టి చెప్పేవాడు. ఒక్కొక్కరి లైఫ్ జాకెట్‌నీ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసేవాడు. అది చెవులదాకా లేచిందంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. "ఇలాగైతే నదిలో జాకెట్ తేలుతుంది, నువ్వు తేలవు" అని బకిళ్ళన్నీ విప్పించి మళ్ళీ బిగించేవాడు.

వ్యాను నడిపే బావమరిదికి ఆ పావుగంట ప్రసంగం మొత్తం నోటికొచ్చు. వంతెన దాటాక ఎర్రబోర్డు కనిపిస్తుంది. కనిపించగానే ఎడమ గట్టుకి దిగాలి. ముందున్నది చిన్న ఆనకట్ట, మనిషి ఎత్తు కూడా ఉండదు. పైనుంచి చూస్తే నీళ్ళు అద్దంలా ఉంటాయి, నమ్మకండి. గోడ కింద పడ్డ నీరు వెనక్కి తిరిగి మళ్ళీ గోడకేసే లాగుతుంది. అందులో ఈత పనికిరాదు, జాకెట్టూ పనికిరాదు. పడవ మోసుకుని గట్టు మీదుగా నడిచి దాటండి. ఎక్కడైనా దిగితే పడవని నీటికి అందనంత పైకి లాగండి. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి.

"బావా, జనం నదికంటే నీకే ఎక్కువ భయపడుతున్నారు" అనేవాడు బావమరిది.

"నదికి భయపడరు కాబట్టేరా, నాకైనా భయపడనీ."

"ఇంతసేపు మా అక్కతో ఎప్పుడైనా మాట్లాడావా?"

"మీ అక్క బకిళ్ళు సరిగ్గానే పెట్టుకుంటుంది. ఆవిడతో ఏం పని?"

షెడ్డు గోడకి ఒక చెక్కబోర్డు, దానికి ఇరవై మేకులు. పడవ నీళ్ళలోకి దిగగానే దాని నంబరు బిళ్ళ మేకుకి ఎక్కాలి. తిరిగొచ్చాక దిగాలి. మేకులన్నీ బోసిగా కనిపిస్తే తప్ప ఆయన షట్టర్ దించడు. ఆ పద్ధతి ఆయన పెట్టిందే. కానీ ఇంట్లోవాళ్ళు వాడుకునే పాత కయాక్, రంగు వెలిసిపోయి అతుకులు పడ్డది, ఒకటుండేది. దానికి నంబరూ లేదు, బిళ్ళా లేదు. "దానికీ ఒకటి చేయించు బావా" అని బావమరిది ఒకసారి అన్నాడు. "మనం ఇంటివాళ్ళంరా, మనకెందుకు?" అన్నాడాయన. అతనూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోజు పొద్దున్నే ఎనిమిది పడవలు వెళ్ళాయి. ఎగువన వానలు పడి నది మామూలుకంటే ఒక మూర ఎత్తున పారుతోంది. ఒంటిగంటకల్లా కింది రేవులో ఏడు చేరాయి. బావమరిది వాటిని వ్యాను మీద కట్టుకుని, మనుషుల్ని ఎక్కించుకుని షెడ్డుకి వచ్చాడు.

"తొమ్మిదో నంబరేదీ?" ఆయన బోర్డు వైపు చూస్తూ అడిగాడు. అందులో వెళ్ళింది ఒక కుర్ర జంట.

"వస్తార్లే బావా. కొత్తగా పెళ్ళైనవాళ్ళు, తెడ్డు వేసేదానికంటే ఫోటోలు దిగేదే ఎక్కువ. నువ్వెళ్ళి అన్నం తిను. నేను వీళ్ళని స్టేషన్లో దింపొస్తా."

ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని ఉన్నాడు. "మోగుతోంది, ఎత్తట్లేదు" అన్నాడు. తర్వాత "సరే, పో" అన్నాడు. ఆయన ఆఖరి మాటలు అవి. అంతకంటే చెప్పుకోదగ్గవి ఏమైనా ఉంటే బాగుండునని బావమరిది చాలాకాలం అనుకున్నాడు.

అతను తిరిగొచ్చేసరికి మూడున్నర. షెడ్డులో ఎవరూ లేరు. బోర్డు మీద ఒకటే బిళ్ళ, తొమ్మిది. నదిలో ఉన్నది ఆ జంట ఒక్కటేనన్నమాట. బావ భోజనానికి ఇంటికెళ్ళి ఉంటాడు. టీ తెప్పించుకున్నాడు. బెంచీ మీద నడుం వాల్చాడు. కునుకు కూడా పట్టింది.

ఐదింటికి అక్క క్యారియర్ పట్టుకుని వచ్చింది. రోజంతా ఇంట్లో కుట్టుమిషన్ దగ్గర చిరిగిన జాకెట్లకి పట్టీలు వేస్తూ కూర్చుంది.

"ఏంట్రా, మీ బావకి ఇవాళ ఆకలి కూడా లేదా?"

"ఇంటికి రాలేదా?"

"ఇక్కడ లేరా?"

ఇద్దరూ ఒకేసారి పడవల స్టాండు వైపు తిరిగారు. అట్టడుగు వరసలో పాత కయాక్ చోటు ఖాళీగా ఉంది. నీళ్ళలో పడ్డవాళ్ళకి విసిరే తాడు మాత్రం కొక్కేనికి అలాగే వేలాడుతోంది. గట్టు మీద నిలబడి దాన్ని విసిరే మనిషి స్టేషన్‌కి వెళ్ళాడు కదా, అది ఆయనకెందుకు?

వ్యాను నది పక్క మట్టిరోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంటే అక్క ఆ జంటకి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసింది. ఐదోసారి ఎత్తారు.

"ఆ, చెప్పండి. మేం ఎప్పుడో ఇంటికొచ్చేశాం. పడవ వంతెన దగ్గర ఉంది, భద్రంగానే పెట్టాం."

భద్రంగానే పెట్టారు. ఆయన చెప్పినవాటిలో ఆ ఒక్కటీ తూచా తప్పకుండా పాటించారు. నీటికి అందనంత పైకి, స్తంభం వెనక పొదల్లోకి లాగి మరీ పెట్టారు. నదిలోంచి వెళ్ళే మనిషికి అది కనిపించదు. కాబట్టి ఆయన వంతెన దాటి, వాళ్ళని వెతుక్కుంటూ ఆనకట్ట దాకా, గోడ కిందికి తొంగిచూడగలిగేంత దగ్గరికి వెళ్ళాడు.

గోడ కింద నురగలో పాత కయాక్ బోర్లాపడి, అక్కడక్కడే గిరగిరా తిరుగుతోంది. అక్క గట్టు మీదినుంచి దూకబోతే బావమరిది నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. ఆమె అతని చేతిని కొరికింది. అయినా వదల్లేదు. రక్షణ దళం వాళ్ళు వచ్చి తాళ్ళు వేసి ఆయన్ని బయటికి తీసేసరికి వెలుతురు పోతోంది. చనిపోయి మూడు గంటలైనా అయి ఉంటుందన్నారు. బావమరిది వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టుకున్నాడు. తను స్టేషన్ నుంచి తిరిగి బయల్దేరిన వేళ. ఆయన వెళ్ళిన సంగతి ఒక బిళ్ళ చెప్పి ఉన్నా తను అందుకునేవాడు కాదేమో. ఏమో. ఆ "ఏమో" అతన్ని వదల్లేదు.

రెండు వారాలకి ఆ జంట పండ్లు పట్టుకుని ఇంటికొచ్చారు. కుర్చీ అంచున కూర్చున్నారు. అబ్బాయి గొంతు సవరించుకున్నాడు.

"మాకు చాలా బాధగా ఉందండీ. నిజానికి మా కోసం వెతకమని మేం ఎవర్నీ..." అమ్మాయి మోచేత్తో పొడిచింది. ఆగిపోయాడు.

"వంతెన దగ్గర ఎన్నింటికి దిగారు?" అక్క అడిగింది.

"పదకొండు అయ్యుంటుందండీ. చేతులు నొప్పెట్టాయి. ఆటో దొరికితే ఎక్కేశాం."

"ఫోన్ మోగడం చూశారా?"

అబ్బాయే చెప్పాడు. "చూశామండీ. పడవ మధ్యలో వదిలేశాం కదా... సార్ తిడతారేమోనని ఎత్తలేదు."

బావమరిది విసురుగా లేచాడు. అక్క అతని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

"తిట్టేవారే" అంది. "మామూలుగా కాదు, మీరిద్దరూ ఏడ్చేదాకా తిట్టేవారు. తిట్టి, ఇంటికొచ్చి అన్నం తినేవారు."