గుత్తకిచ్చిన షేర్లు

2022 జనవరి. నూజివీడులో పాత బస్టాండు వైపు, పురుగుమందుల కొట్టు మీద మొదటి అంతస్తులో మా షేర్ల ఆఫీసు. ఒక పెద్ద బ్రోకరు కంపెనీకి మాది చిన్న శాఖ. ఒక గది, గోడకు ఒక టీవీ, ఏడు కుర్చీలు, ఒక టెర్మినల్. టెర్మినల్ అంటే షేర్లు కొనడానికీ అమ్మడానికీ ఎక్స్ఛేంజీతో కలిపి ఉండే కంప్యూటరు. దాని ముందు కూర్చుని, ఖాతాదారులు చెప్పిన ఆర్డర్లు కొట్టే మనిషిని డీలర్ అంటారు. పద్నాలుగేళ్లుగా అక్కడ డీలర్ని నేనే.

మొదట్లో ఆ ఏడు కుర్చీలు చాలక మెట్ల మీద కూడా కూర్చునేవారు. ఫోన్లలోకి యాప్‌లు వచ్చాక ఒక్కొక్కరే జారుకున్నారు. టీ తెప్పించమని నన్ను పీక్కుతిన్న పెద్దమనుషులు, రోడ్డు మీద ఎదురైతే ఫోన్లోంచి తలెత్తడం లేదు. వాళ్లను తప్పుపట్టలేను. ఇంట్లో కూర్చుని బొటనవేలితో అయ్యే పనికి మెట్లెక్కి ఎందుకు వస్తారు? అయినా కోపం మాత్రం వచ్చేది.

మార్కెట్టు తొమ్మిదింపావుకు తెరుస్తారు, మూడున్నరకు మూస్తారు. ఆ మధ్యలో ఒక్క మాటైనా మాట్లాడని రోజులు నాకు చాలా ఉన్నాయి. అమ్మ పోయాక ఇంట్లోనూ ఒక్కదాన్నే. ఆదివారం చర్చిలో పాట అందుకుంటే మొదటి చరణం బొంగురుగా వచ్చేది. వారమంతా వాడని గొంతు మరి. దాన్ని ఒంటరితనం అనడానికి నాకు నామోషీ. ఉద్యోగం ఉంది, తలదాచుకోవడానికి ఇల్లుంది, ఇంకేం కావాలి అని నన్ను నేనే గదమాయించుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో అనసూయ గారు మెట్లెక్కి వచ్చారు. ముసునూరు ఆవిడ, అరవై దాటి ఉంటాయి, ఆరెకరాల మామిడితోట ఉంది. భర్త పోయి నాలుగేళ్లు. కరోనా రోజుల్లో మా దగ్గరే డీమ్యాట్ ఖాతా తెరిచారు. అంటే షేర్లను కాగితాలుగా కాకుండా కంప్యూటర్లో దాచిపెట్టే ఖాతా. తెరిచారే గానీ అప్పటిదాకా అందులో ఏమీ వేయలేదు. ఆ రోజు ఒక చీటీ నా చేతికిచ్చారు. దాని మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు ఉంది.

“ఇది కొనాలి అమ్మాయ్. మంచిదేనా అని నిన్ను అడగనులే.”

“అడిగినా నేను చెప్పకూడదండి. ఏది కొనాలో ఏది అమ్మాలో డీలరు సలహా ఇవ్వకూడదు. మీరు చెప్తే కొట్టడమే నా పని.”

“నాకు తెలుసులే దాని సంగతి. మా ఆయన్ని విజయవాడలో ఆసుపత్రిలో పెట్టినప్పుడు పద్దెనిమిది రోజులు అక్కడే ఉన్నాను. బిల్లులూ రిపోర్టులూ అన్నీ వీళ్ల సాఫ్ట్‌వేర్ మీదే. తెర మీద ఆ పేరు చూసీ చూసీ నోటికొచ్చేసింది. డాక్టర్లు ఆలస్యంగా వచ్చారు గానీ ఆ కంప్యూటరు ఒక్కరోజు ఆగలేదు.”

ఇంతకన్నా అధ్వానమైన కారణాలకు షేర్లు కొన్నవాళ్లను చాలామందిని చూశాను. కలలో అంకెలు కనబడ్డాయని కొన్నవాడు కూడా మా దగ్గర ఉండేవాడు. అనసూయ గారిది నాకు సబబుగానే తోచింది. ఆర్డరు కొట్టాను.

ఆ డబ్బు తోట గుత్తకిస్తే వచ్చింది. మా వైపు చాలామంది ఆసాములు పూత మీదే కాపును వ్యాపారికి గుత్తకిచ్చేస్తారు. వ్యాపారి కొంత డబ్బు ముందే కట్టి, మిగతాది కాపు దిగాక ఇస్తానని ఒప్పుకుని, తన మనుషుల చేత మందు కొట్టించుకుని, తోటలో పాక వేసి కాపలా పెట్టుకుంటాడు. ఇక జూన్‌లో కాయంతా దిగేదాకా ఆసామి ఆ తోటలో అడుగుపెట్టడు. ఎవరూ ఆపరు, రాతలో కూడా ఉండదు. కానీ వెళ్తే కాయ లెక్కపెట్టడానికి వచ్చాడనో, రెండు కోసుకుపోవడానికి వచ్చాడనో అనుకుంటారని మర్యాదస్తులెవరూ వెళ్లరు. భర్త ఉన్నన్నాళ్లూ అనసూయ గారు తోట సొంతంగా చేసుకున్నారు. ఆయన పోయాక పెట్టుబడికి చేతిలో డబ్బు ఆడక గుత్తకివ్వడం మొదలుపెట్టారు.

“ఏడాదిలో తోట తోటలా ఉండేది ఆ ఐదు నెలలే రూతూ. అప్పుడే నేను లోపలికి వెళ్లకూడదు” అన్నారు ఒకరోజు. “వచ్చే ఏడు మాత్రం ఇవ్వను. ఈ డబ్బు కాస్త పెరిగితే నేనే మందు కొట్టించుకుంటాను, నేనే కోయించుకుంటాను. ఒక్క కాపు చేతికొస్తే ఆ పైన ఎవర్నీ అడగక్కర్లేదు.”

ఆ షేర్లలో ఉన్నది అదీ. తన తోటలోకి తాను వెళ్లే హక్కు.

మొదట వారానికోసారి వచ్చేవారు. ఫిబ్రవరికల్లా వారంలో నాలుగు రోజులు వస్తున్నారు. పదింటి ఆటోలో దిగి, కిటికీ పక్క కుర్చీలో టీవీకి వీపు పెట్టి కూర్చునేవారు. ధర అడిగేవారు కాదు. కింది కొట్లోంచి వచ్చే వాసనను బట్టి ఇవాళ ఏ మందు డబ్బా కారిందో చెప్పేవారు. తేనెమంచు పురుగు పూత మీద ఎలా పడుతుందో, బంగినపల్లి చెట్టుకూ చిన్నరసం చెట్టుకూ ఆకు వాసనలో తేడా ఏంటో చెప్పేవారు. “కాస్త లేచి నడవ్వే, ఆ కుర్చీకి వేళ్లు దిగుతాయి” అని నన్ను ఆటపట్టించేవారు. మధ్యాహ్నం ఆవిడతో కలిసి తినడానికి నేను పొద్దున్నే లేచి రెండు కూరలు చేయడం మొదలుపెట్టాను. అమ్మ పోయాక రెండో కూర వండడం అదే మొదలు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ మూడు నెలలూ సంతోషంగా ఉన్నాను.

షేరు ఒక నెల పెరిగింది. తర్వాత దిగడం మొదలైంది. ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థ ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ వదిలేసి వేరేవాళ్లది తీసుకుందని వార్త వచ్చింది. రోజూ కొంచెం కొంచెం దిగుతోంది. ఆవిడ టీవీ వైపు తిరగరు. మొదట అది నిబ్బరం అనుకుని ముచ్చటపడ్డాను. మార్చి మొదటి వారంలో ఇక ఉండబట్టలేక అడిగాను.

“పిన్నిగారూ, స్టాప్ లాస్ పెట్టుకుంటారా? ఇంత ధరకు దిగితే అమ్మేయమని ముందే చెప్పిపెట్టుకోవచ్చు.”

“మధ్యలో వెళ్లి చెయ్యి పెట్టకూడదమ్మాయ్. వాళ్లకిచ్చేశాం కదా. కాపు దిగాక వాళ్లే లెక్క చెప్తారు.”

“ధర బాగా దిగుతోందండి.”

“గాలొస్తే నష్టం తీసుకున్నవాడిదేగా. మనకేం?”

అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడ తన డబ్బును ఆ కంపెనీకి గుత్తకిచ్చాననుకుంటున్నారు. సీజను అయ్యాక వాళ్లు ఒప్పుకున్న డబ్బు తెచ్చిస్తారు, లాభం వస్తే పైన కొంత కలుపుతారు, ఈలోపు వెళ్లి తొంగిచూడడం మర్యాద కాదు. మా వైపు తోటల అలవాటు నుంచి వచ్చిన లెక్క అది. అందులో ఎక్కడా తెలివితక్కువతనం లేదు. మొత్తం తప్పు, అంతే.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. రెండు నిమిషాల పని. ఆవిడ డబ్బాలోంచి మామిడికాయ పప్పు నా కంచంలో వడ్డిస్తున్నారు. నేను తల వంచుకుని తిన్నాను. డీలరు సలహా ఇవ్వకూడదనే రూలు గుర్తు చేసుకున్నాను. ఆ రూలు అమ్మమనీ కొనమనీ చెప్పొద్దంటుంది గానీ, షేరంటే ఏంటో చెప్పొద్దనదు. ఆ సంగతి నాకు తెలుసు. అసలు కారణం వేరు. చెప్తే ఆవిడ అమ్మేస్తారు. అమ్మేస్తే ఇక ఇక్కడికి రావడానికి పనేముంటుంది? మళ్లీ ఆ ఏడు ఖాళీ కుర్చీలూ నేనూ. మర్నాడు చెప్దామనుకున్నాను. అలా రెండు నెలలు మర్నాడు అనుకుంటూనే ఉన్నాను.

ఏప్రిల్ చివర్లో గాలివాన వచ్చింది. ముసునూరు వైపు తోటల్లో కాయ సగం నేలరాలింది. వారం తర్వాత అనసూయ గారు వచ్చారు, ముఖం వాడిపోయి ఉంది.

“మా తోట తీసుకున్నాయన వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. పాపం. ఒప్పుకున్నది ఒప్పుకున్నదే అనొచ్చు నేను. కానీ కళ్ల ముందు కాయ రాలిపోయిందిగా. నాకు రావాల్సిన మిగతాది వదిలేశాను.” ఊపిరి తీసుకుని అడిగారు. “అందుకని అడుగుతున్నా రూతూ. మన కంపెనీవాళ్లు జూన్‌లో మొత్తం ఇస్తారుగా? ఇప్పుడు నాకున్నది అదే.”

అప్పటికి ఆ షేరు ఆవిడ కొన్నదానిలో సగానికి వచ్చింది.

“పిన్నిగారూ, వాళ్లేమీ ఇవ్వరండి. ఇక్కడ మీరు ఆసామి కాదు. తోట తీసుకున్నాయన ఎలాగో, ఇక్కడ మీరు అలాగ. గాలొస్తే మీదే.”

ఆవిడ మొదటిసారి కుర్చీ టీవీ వైపు తిప్పుకున్నారు. కింద పరుగెత్తే అంకెల్లో తన కంపెనీ పేరు వచ్చేదాకా చూశారు. “సగమా?” అన్నారు. “సగమేనండి” అన్నాను.

“అమ్మెయ్.”

ఆర్డరు ఖాతాదారు గొంతుతో రికార్డు కావాలి. మనిషి ఎదురుగా ఉన్నా మా ఆఫీసులో ఫోన్లోనే చెప్పించేవాళ్లం. అందుకని ఆవిడ తన సెల్లు నుంచి నాకు ఫోన్ చేశారు. బల్లకు అటొకరం ఇటొకరం కూర్చుని ఫోన్లో మాట్లాడుకున్నాం.

“మీ పేరు చెప్పండి.”

“అనసూయ.”

“ఎన్ని షేర్లు అమ్మాలి?”

“ఉన్నవన్నీ.”

“ఏ ధరకండి?”

“ఎంతొస్తే అంతకి.”

ఫోన్ పెట్టేశాక అడిగారు. “నేను తప్పుగా అనుకుంటున్నానని నీకు ఎప్పుడు తెలిసింది?”

“మార్చిలోనండి.”

“అప్పుడు ధర ఎంతుంది?”

చెప్పాను. అప్పుడు అమ్మి ఉంటే పోయేది కొంచెమే. కాస్త సర్దుకుంటే తోట సొంతంగా చేసుకోవడానికి సరిపోయేది.

“మరి చెప్పలేదేం?”

అబద్ధం చెప్పడానికి రూలు ఉంది. కానీ నోరు రాలేదు. “అమ్మేస్తే మీరు ఇక రారని చెప్పలేదండి.”

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది కూడా.

“షేర్ల కోసం వస్తున్నాననుకున్నావా నేను?” అన్నారు. “ఊరికే రమ్మంటే ఊరికే వచ్చేదాన్ని కదే.”

డబ్బాలు సర్దుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం మూడున్నరకు మార్కెట్టు మూసేశాక టెర్మినల్ ఆపడం మర్చిపోయి అలాగే కూర్చుండిపోయాను. తర్వాత ఆవిడ రాలేదు. జూన్‌లో తోట ఖాళీ అయింది, వర్షాలు పడ్డాయి. ఒక్క ఫోన్ చేస్తే పోయేది. ఏ ముఖం పెట్టుకుని చేస్తాం అనుకుంటూ చేయలేదు.

అప్పటి నుంచి కొత్త ఖాతాదారు ఎవరొచ్చినా సంతకాలకు ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఇందులో నష్టమొస్తే ఎవరిదండీ అని. తలూపితే ఒప్పుకోను, వాళ్ల నోటితో చెప్పాలి. కంపెనీదనో, బ్రోకరుదనో, ప్రభుత్వం చూసుకోదా అనో చెప్పినవాళ్లు ఎంతమందో. వాళ్లకు వాళ్ల పనుల భాషలోనే చెప్తాను. బట్టల కొట్టాయనకు మిగిలిపోయిన పండగ సరుకు లెక్కలో, పాల కేంద్రం నడిపే ఆవిడకు విరిగిన పాల లెక్కలో. విని ఇద్దరు ముగ్గురు ఖాతా తెరవకుండానే వెళ్లిపోయారు. మా పై ఆఫీసుకు ఇది నచ్చదు. నచ్చకపోతే పోనీ. ఈ పనిలో నాకు వచ్చిన ఏకైక విద్య అదే, అది నాకు నేర్పడానికి అనసూయ గారి సొంత కాపు పోయింది.

మరుసటి ఏడు పూత వచ్చింది. ముసునూరు నుంచి వచ్చిన ఒకాయన మాటల్లో, ఆవిడ తోట మళ్లీ గుత్తకిచ్చారని చెప్పాడు. ఆ రోజు ధైర్యం చేసి ఫోన్ చేశాను.

“పిన్నిగారూ, రూతునండి. తోట ఇచ్చేశారట కదా. ఖాళీగానే ఉంటారుగా... ఊరికే రండి. షేర్లేమీ వద్దు. నేను వంట చేసుకొస్తాను.”

అటు నుంచి ఎవరో చిన్నపిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వచ్చింది.

“పిలుస్తావేమోనని డిసెంబరు దాకా చూశానమ్మాయ్” అన్నారు. గొంతులో కోపం లేదు. “ఇప్పుడు చింతలపూడిలో మా చెల్లెలి దగ్గరికి వచ్చేశాను. ఈ ఐదు నెలలూ ఇక్కడే. నువ్వు బాగున్నావా? తింటున్నావా?”

“తింటున్నానండి” అన్నాను. ఫోన్ పెట్టేసి గడియారం చూశాను. పదకొండైంది. మార్కెట్టు మూయడానికి ఇంకా నాలుగున్నర గంటలుంది.