జాతర వారంలో అందరూ హాజరు

ఎనభైల నడుమ హనుమకొండలో ఎం.ఫిల్. చేస్తున్నప్పుడు నాకు ఊరూరా తిరిగే ఓపిక లేదు. ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారన్నది నా అంశం. ఇదివరకే ఎవరో రాసిపెట్టిన రికార్డులతో పని కానియ్యమన్నారు మా గైడు. పాలంపేట దగ్గరి మా ఊరి బడికి పోతే, నాకు అక్షరాలు దిద్దించిన సారే బీరువా తాళం తీసి పదిహేనేళ్ల హాజరు పట్టీలు నా ముందు పెట్టారు.

నిజం చెప్పాలంటే వాటిని చూసి మురిసిపోయాను. ఫలానా ఏడు ఫలానా నెలలో బిడ్డ ఎన్నాళ్లు బడికి పోయిందో ఏ తల్లికి గుర్తుంటుంది? పట్టీలో రోజు రోజుకూ ఉంది. వారంలో లెక్క తేలింది. మా ఊళ్లో ఆడపిల్లలు బడి మానడమే లేదు. గైడు భుజం తట్టారు. నా డిగ్రీ అంతా ఆ అధ్యాయం మీదే నిలబడి ఉంది.

సాఫు ప్రతి రాసుకుంటూ ఒక మాఘమాసపు పేజీ దగ్గర ఆగాను. మేడారం జాతర వారం. అందరూ హాజరు. ఆ వారం మా వైపు ఊళ్లలో మనిషి మిగలడు. అప్పుడు నేను ఐదో తరగతి. అమ్మవార్లకిచ్చే బెల్లం మూట పక్కన కూర్చుని ఎడ్లబండిలో జాతరకు పోయాను. వెనక బండిలో సారు కూడా ఉన్నారు. పట్టీలో మాత్రం నేను రోజూ బడిలోనే ఉన్నాను.

అప్పుడు మొదటిసారి హాజరు గీతలు లెక్కబెట్టడం వదిలి పేర్లు చదివాను. మా చెల్లె పేరుంది. తమ్ముడు పుట్టాక వాణ్ని ఎత్తుకోవడానికని మూడో తరగతిలోనే మాన్పించిన చెల్లె, పట్టీలో ఐదు దాకా నాగా లేకుండా చదివింది. మా ఇంట్లోనే బడి మానిన పిల్ల ఉందన్న సంగతి గీతలు లెక్కబెట్టే సంబరంలో నాకు తట్టనే లేదు.

ఒళ్లు మండిపోయింది. పోయి సారును నిలదీశాను. ఆయన తడబడలేదు.

"పిల్లలు తక్కువైతే రెండో పంతులును తీస్కపోతరు బిడ్డా. బడి నిలవాలని ఇన్స్పెక్టర్ కోసం రాసిన. నీ కోసం రాయలే."

అందులో న్యాయం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ రోజు మాత్రం నన్ను నిలువునా ముంచాడనే అనిపించింది. తాళం తీసేటప్పుడే ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయేది? అక్షరాలు నేర్పిన చెయ్యి కదా అని నమ్మాను. ఇక మా గైడేమో సర్కారు రికార్డును ఎవరు కాదంటారు, అలాగే ఇచ్చెయ్యమన్నారు. ఇవ్వలేకపోయాను. అధ్యాయం చించేశాను. ఏడాది వెనకబడ్డాను.

ఈసారి కాగితాలు పట్టుకుని ఇంటింటికీ బయల్దేరాను. మొదటి ఇల్లు పక్కూళ్లో చెల్లెది. నాట్లేసి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. సారు చేసిన మోసమంతా చెప్పాను. నాతో కలిసి తనూ నాలుగు తిడుతుందని నా ఆశ. అంతా విని, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"సారును ఏమంటవు తియ్యి. పదిహేనేండ్ల పట్టీలు తిరగేసినవు. నేను ఈడనే ఉన్న గదా అన్నా. నన్నొక్క మాట అడగకపోతివి."