ముషర్రఫ్ కొన్న కెమెరా

అమీర్‌పేటలో ఏ గల్లీలో బోరు ఎండుతుందో, ఏ ఓనరు చుట్టాలొస్తే సణుగుతాడో అద్దె ఇళ్లు చూపించే ముషర్రఫ్‌కు కంఠతా వచ్చు. ఇప్పుడా తెలివి ఎవడిక్కావాలి? కోచింగుకొచ్చిన పిల్లలు కూడా ముందు ఫొటోలు పంపమంటున్నారు.

అందుకే పంజాగుట్టలో కెమెరా కొనడానికి వెళ్లాడు. షాపువాడు రెండు చూపించాడు. ఒకటి గదిని ఉన్నదున్నట్టు తీస్తుంది. రెండోది వెడల్పు లెన్సుది, అగ్గిపెట్టెను కూడా హాలు చేస్తుంది. ముషర్రఫ్ రెండోదే తెచ్చుకున్నాడు. జనం అడిగేది అదే మరి!

చెయ్యి అలవాటు కావాలని ముందు తను అద్దెకుంటున్న ఇంటినే తీశాడు. భార్య ఫౌజియా ఫొటోలో వంటిల్లు చూసి, "ఇది మనదేనా?" అని పడీపడీ నవ్వింది. ముషర్రఫ్ మురిసిపోయి, రోజూ ఇళ్ల ఫొటోలు పెట్టినట్టే వాటినీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే ఇంటి ఓనరు మహిపాల్ ఫోన్ చేశాడు.

"ముషర్రఫ్ భాయ్, నా ఇల్లు గింత పెద్దగున్నదని నాకే తెల్వదు. నువ్విచ్చే కిరాయి మస్తు తక్కువ. వచ్చే నెల ఖాళీ చెయ్యి."

"అన్నా, అది లెన్సు మాయ. ఇల్లు గంతే ఉన్నది. జర వచ్చి చూడుండ్రి."

"చూసుడెందుకు, ఫొటోలున్నయి గదా? గవే చూపెట్టి మంచి పార్టీని నువ్వే తోల్కరా. నీ కమీషన్ నీకిస్త."

ముషర్రఫ్ ఫోన్ పెట్టేశాడు. అంతలోనే ఇంకెవరో ఫోన్ చేశారు.

"భాయ్, నిన్న స్టేటస్‌లో పెట్టిన పెద్ద వంటిల్లున్న ఇల్లు ఎప్పుడు చూపిస్తరు?"

ఏళ్ల అలవాటు. నోరు దానంతటదే అనేసింది.

"సాయంత్రం రండి."