నాయన ఆపరేషన్ తేదీ పెట్టించి పోయిన చెల్లెలు

ఆ పొద్దున పెనుకొండలో మా ఇంట్లో ఏ తేడా లేదు. గడప కడిగి పసుపు రాశాను. దీపం పెట్టాను. స్టవ్ మీద పాలు పెట్టి, అవి కాగేలోపు నామాలు చదువుకుందామని కూర్చున్నాను. ఫోన్ మోగింది. హిందూపురంలో మా చెల్లెలు అద్దెకుండే ఇంటామె.

"అక్కా, మేడం జడేసుకుంటా ఏసుకుంటానే కూలబడిపోయినారు. డాక్టరొచ్చి చూసి, లేరని చెప్పినాడు."

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. నేను రిసీవర్ పట్టుకునే నిలబడ్డాను. ఏ జబ్బూ లేని మనిషి. ముందురోజు సాయంత్రం నాతో నవ్వుతూ మాట్లాడింది.

హిందూపురం కాలేజీలో చదివిన మీలో చాలామందికి ఆమె కెమిస్ట్రీ మేడం. పెళ్లి చేసుకోలేదు. సెలవు దొరికితే రైలెక్కి బెంగళూరు ల్యాబుకు పోయేది. వానలు తగ్గాక మా కొండవారన నేలవేము ఏరుకొచ్చి నా వంటింట్లో నీడకు ఆరబెట్టేది. ఆ రోజుల్లో నేను కలిపిన పప్పు కూడా చేదేనని ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు.

ఆ ఆకులోని చేదు పదార్థాన్ని విడదీసి, పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద వేసి చూసేది. గాజుగిన్నె అడుగున పరుచుకున్న కణాల మధ్య ఒక గీత గీసి సందు చేస్తారట. మామూలుగా అవి పాకి ఆ సందును పూడ్చేస్తాయి. చేదు వేసిన గిన్నెలో అవి పాకలేక సందు చాలావరకు అట్లే మిగిలిందని మురిసిపోయింది.

ధర్మవరంలో మగ్గం నేసే మా నాయన విని నవ్వాడు. "మా మగ్గం మీద సందు పడితే చీర ఎవురూ కొనరు. నీకు సందు మిగిల్తే సంబరమా పాపా?"

తర్వాత కొన్నేళ్లకు నాయనకే దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడింది. ఎవరికీ చెప్పలేదు. కూతురు కనిపెట్టిన మందే కదా అని నేలవేము కషాయం కాచుకుని తాగుతూ వచ్చాడు. అడిగిన ఇరుగుపొరుగుకూ పోశాడు. తెలిసిన రోజు, గొంతు పెంచడమే ఎరగని నా చెల్లెలు చెంబు లాక్కుని పారబోసింది.

"నాయనా, నేను చూసింది గాజుగిన్నెలో. నీ కడుపులో అది ఏం చేస్తాదో నాకు తెలీదు. తెలీనిదాన్ని మందని ఎట్ల చెప్పల్ల?"

బెంగళూరు తీసుకుపోయి పరీక్షలు చేయించింది. పెద్దపేగులో గడ్డ. ఇంకా పాకలేదు, ఆలస్యం చేయొద్దన్నారు. పట్టుబట్టి ఆపరేషన్‌కు తేదీ పెట్టించింది. అది ఎల్లుండి అనగా తనే పోయింది.

మధ్యాహ్నానికి చెల్లెల్ని ధర్మవరం తెచ్చుకున్నాం. పొద్దు వాలకముందే సాగనంపాం. స్నానాలు చేసి కూర్చున్నామో లేదో, చిన్నాయన అన్నాడు.

"పెండ్లికాని బిడ్డ. తండ్రే కర్మ చేయల్ల. మైల తీరేదాకా ఎవురూ యాడికీ పోయేది లేదు. ఆపరేషన్ వెనక్కి జరపండి."

"అట్లే కానీప్పా" అన్నాడు నాయన, తల ఎత్తకుండా. "అంతదాకా ఆకు తాగుతా. నా బిడ్డ మందు."

ఏ ఆచారమూ తప్పకుండా బతికినదాన్ని. అయినా నోరు తెరిచాను.

"మందు కాదని చెప్పింది నీ బిడ్డే నాయనా. రేపే బెంగళూరు పోదాం."

"కర్మ నేను చేస్తాలే" అన్నాడు పక్కనే కూర్చున్న మా తమ్ముడు.

"దేవుడు ఒప్పుతాడా పెద్దపాపా?" చిన్నాయన నన్నే అడిగాడు.

"ఒప్పకపోతే ఆ పాపం నాకు రానీ చిన్నాయనా."

చివరికి నాయన "సరే" అన్నాడు. తమ్ముడు కర్మకు ఉండేట్టు, నేను నాయనను తీసుకుని మరుసటి రోజు రైలెక్కేట్టు తీర్మానమైంది. చిన్నాయన లేచి, తన భుజం మీది శాలువా తీసి మడిచి నాయన సంచిలో పెట్టాడు.

"ఆడ చలి ఎక్కువుంటాదిన్నా" అన్నాడు.