అట్టపెట్టెల టీచరమ్మ

ప్రవేశ పరీక్షల కోచింగ్ సెంటర్లో ఆవిణ్ని అందరూ అట్టపెట్టెల టీచరమ్మ అంటారు. సబ్బు పెట్టె ఖాళీ అయితే చాలు, గోటితో అతుకు విప్పి, బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, మళ్ళీ మడుస్తుంది. "మందుల పెట్టెనైనా వదిలిపెట్టవే, ఏ మాత్ర ఎప్పుడేసుకోవాలో దాని మీదే రాసుంది" అని ఇంట్లో భర్త మొత్తుకుంటాడు. పరిచిన అట్టను మడిస్తే ఏ పెట్టె అవుతుందో చెప్పమనే ప్రశ్నలే ఆవిడ పాఠం. బొమ్మ చూస్తూనే జవాబు చెప్పేస్తుంది కనక, అది పుట్టుకతో వచ్చిన విద్య అని పిల్లలందరి నమ్మకం.

ఆ రోజు క్లాసయ్యాక, ఆర్కిటెక్చర్ పరీక్ష రెండుసార్లు తప్పిన అమ్మాయి పుస్తకాలు సర్దేసుకుంది. "ఇక రాను టీచర్. కళ్ళు మూసుకుని పెట్టెను తిప్పి చూడమంటారు అందరూ. నాకు చీకటి తప్ప ఏమీ కనపడదు." బోర్డు తుడుస్తున్న చెయ్యి ఆగింది. "నాకూ అంతేనే తల్లీ. ఇన్నేళ్ళలో ఒక్క పెట్టె కూడా కనపడలేదు" అంది టీచరమ్మ. అమ్మాయి నోరు తెరిచి, "మరెలా చేస్తారు?" అంది. "పెట్టెనంతా తిప్పను. పరిచిన అట్ట బొమ్మలో ఒకే వరసలో మధ్య ఒక్క గడి వదిలి ఉన్నవి, మడిస్తే ఎదురెదురు ముఖాలవుతాయి, ఎప్పటికీ పక్కపక్కన రావు. అవి పక్కపక్కన కనపడ్డ జవాబల్లా కొట్టేస్తాను. నువ్వూ కొట్టేసి చూడు." అమ్మాయి మళ్ళీ కూర్చుంది. తను చూస్తుంటే పెన్సిల్ తడబడుతుందని టీచరమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది. చాలాసేపటికి, "ఒక్కటే మిగిలింది టీచర్" అని వినపడింది. ఆవిడ వెనక్కి తిరగలేదు. "అయితే అదే" అంది. "తరవాతది చెయ్యి."